పాత ఉన్ని - కొత్త రగ్గు



బళ్ళారి కానివ్వండి, కోలారు కానివ్వండి, హోసూరు, నాందేడు, బరంపురం, పర్లాకిమిడి, యానాం - ఏ ఊళ్ళో ఉన్నా మన ఇళ్ళల్లో ఒకప్పుడు బొంత ఉండేది. అమ్మమ్మ కట్టి వదిలేసిన చీరలు, తాతయ్య పాత పంచెలు నాలుగైదు పొరలుగా పరిచి, దూరం దూరంగా కుట్లు వేసి కుట్టిన బొంత. పాత గుడ్డను పారేయకూడదని మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. అయితే బొంతలో చేరిన చీర చీరగానే ఉంటుంది. అలా కాక, పాత బట్టను చీల్చి, తిరిగి దూదిలాగా చేసి, మళ్ళీ వడికి, మళ్ళీ నేస్తే ఎలా ఉంటుంది? ఉన్ని బట్టల విషయంలో ఈ పని రెండు వందల ఏళ్ళుగా జరుగుతోంది. ఈనాటి ప్రసంగం దాని గురించే.

ముందుగా ఒక చిన్న అనుభవం చెబుతాను. ఒక చలికాలంలో మా దగ్గర సంతలో ఒక రగ్గు కొన్నాను. బూడిద రంగు రగ్గు. ధర చూస్తే చాలా తక్కువ. "ఏమన్నా, ఇది అసలు ఉన్నేనా?" అని అడిగాను. "అచ్చమైన కొత్త ఉన్ని సార్, గొర్రె మీద నుంచి నేరుగా మగ్గానికే" అన్నాడు. ఇంటికి తెచ్చి ఎండలో ఆరేసి దగ్గరగా చూశాను. దూరానికి బూడిద రంగుగా కనిపించిన ఆ రగ్గులో ఎర్రని పోచలు, పచ్చని పోచలు, నీలం పోచలు కలిసి ఉన్నాయి. ఎంత వెతికినా పచ్చని బొచ్చున్న గొర్రె ఎక్కడా దొరకదు కదా! అది పాత కోట్లు, పాత స్వెట్టర్లు చీల్చి చేసిన ఉన్ని. రగ్గు మాత్రం వెచ్చగానే ఉంది. నాకు బాధ కలిగించింది రగ్గు కాదు, అమ్మినవాడు చెప్పిన మాట. ఈ తేడాను శ్రోతలు గుర్తు పెట్టుకోవాలని కోరుతున్నాను. ఈ పరిశ్రమ చరిత్ర అంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతుంది.

అసలు ఉన్నిని ఇలా తిరిగి వాడడం ఎలా సాధ్యమో చూద్దాం. ఉన్ని అంటే గొర్రె బొచ్చు. మన వెంట్రుకలోనూ, గోటిలోనూ ఉండే కెరాటిన్ అనే మాంసకృత్తే ఉన్నిలోనూ ఉంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఉన్ని పోచ మీద చేప పొలుసుల వంటి పొలుసులు కనిపిస్తాయి. పోచ తిన్నగా ఉండదు, స్ప్రింగులాగా వంకీలు తిరిగి ఉంటుంది. ఆ వంకీల మధ్య గాలి నిలుస్తుంది. ఆ గాలే మనకు వెచ్చదనం ఇస్తుంది. పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుంటాయి కాబట్టి పోచలు పొట్టివైనా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఏళ్ళ తరబడి తొడిగిన కోటులో కూడా ఆ పొలుసులు, ఆ వంకీలు చాలావరకు నిలిచే ఉంటాయి. అందుకే పాత ఉన్నికి ప్రాణం మిగిలి ఉంటుందని చెప్పాలి. తగ్గేది పొడవు. రెండు మూడు అంగుళాలుండే పోచ, యంత్రంలో పడి చీలేసరికి తెగి పొట్టిదవుతుంది. పోచ పొట్టిదైతే దారం బలం తగ్గుతుంది. పాత ఉన్నికి ఉన్న ముఖ్యమైన లోపం ఇదొక్కటే.

ఈ పని మొదలైంది ఇంగ్లండులో. అక్కడ యార్క్‌షైరులో బాట్లీ, డ్యూస్‌బరీ అనే రెండు పక్కపక్క ఊళ్ళు ఉన్నాయి. నెపోలియన్‌తో యుద్ధాలు జరుగుతున్న రోజులవి. సైనికుల దుస్తులకు ఉన్ని కావాలి, ఉన్నేమో చాలినంత దొరకడం లేదు. 1813లో బాట్లీకి చెందిన బెంజమిన్ లా అనే ఆయన ఉన్ని పేలికలను చీల్చి, కొంత కొత్త ఉన్ని కలిపి, మళ్ళీ వడికి గుడ్డ నేయించాడు. ఆ సరుకుకు షాడీ అని పేరు వచ్చింది. వదులుగా అల్లిన స్వెట్టర్లు, మేజోళ్ళ వంటివి చీలిస్తే షాడీ వస్తుంది. వాటి అల్లిక వదులు కాబట్టి పోచలు అంతగా తెగవు.

1830ల్లో రెండో రకం వచ్చింది. గట్టిగా నేసి, అదిమి దళసరి చేసిన కోటు గుడ్డలను, దర్జీల దగ్గర మిగిలే ముక్కలను చీల్చి తీసిన ఉన్ని అది. దాన్ని ముంగో అన్నారు. దీని పోచ మరీ పొట్టిది. ఆ పేరు గురించి ఒక కథ చెబుతారు. గట్టి గుడ్డను యంత్రం నమలలేక మొరాయిస్తే, పనివాడు "ఇది పోదండీ" అన్నాడట. యజమాని "పోయి తీరాలి" అన్నాడట. వాళ్ళ యాసలో ఆ మాటే ముంగో అయిందట. నిజమో కాదో గాని, ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకునే కథ.

ఆ రెండు ఊళ్ళకు ఐరోపా నలుమూలల నుంచి పేలికల మూటలు రైళ్ళలో వచ్చేవి. స్టేషన్ల దగ్గరే వేలంపాటలు జరిగేవి. చివరికి దేనికీ పనికిరాని దుమ్ము, తుక్కు కూడా వృథా పోలేదు. ఉన్నిలో నత్రజని ఉంది కాబట్టి ఆ తుక్కును చుట్టుపక్కల రైతులు పొలాలకు ఎరువుగా వేసేవారు. ఆ ప్రాంతంలో పండే రూబార్బ్ అనే పుల్లకాడల పంటకు ఈ ఎరువు పేరు పొందింది.

ఇక ఈ సరుకు పేరు ఎలా చెడిందో చెప్పాలి. ఇంగ్లీషులో ఈనాడు షాడీ అంటే నాసిరకం, పైపై మెరుగులది అని అర్థం. మొదట ఆ మాటకు ఆ అర్థం లేదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. లక్షల మంది సైనికులకు ఉన్నపళంగా దుస్తులు కావలసి వచ్చాయి. కొందరు కాంట్రాక్టర్లు పొట్టి పోచల తుక్కును జిగురుతో అదిమి, పైకి నున్నగా కనిపించే గుడ్డ చేసి, మంచి ఉన్ని గుడ్డ అని చెప్పి ప్రభుత్వానికి అంటగట్టారు. నాలుగు రోజులు నడిచి, ఒక వాన పడేసరికి ఆ దుస్తులు సైనికుల ఒంటి మీదే పీలికలైపోయాయి. అప్పటి నుంచి షాడీ అన్న మాట తిట్టుగా మారింది. బాట్లీలో నిజాయితీగా నేసిన గుడ్డకు కూడా ఆ మచ్చ అంటుకుంది. తప్పు చేసింది సరుకును దాచి అమ్మినవాళ్ళు, పేరు పోయింది మాత్రం సరుకుకు.

దీనికి విరుగుడుగా అమెరికాలోనే ఒక చట్టం వచ్చింది. 1939 నాటి ఉన్ని సరుకుల లేబులు చట్టం అని దాని పేరు. ఏ ఉన్ని వాడారో లేబులు మీద రాయాలన్నది ఆ చట్టం. కొత్త ఉన్ని వేరు. ఎవరూ తొడగని మిల్లు ముక్కలను చీల్చి తీసిన ఉన్ని వేరు. ఒకరు తొడిగి వదిలేసిన బట్ట నుంచి తీసిన ఉన్ని వేరు. ఇలా మూడు పేర్లు పెట్టారు. 1980లో ఆ చట్టాన్ని సవరించి, చివరి రెంటినీ కలిపి తిరిగి వాడిన ఉన్ని అని ఒకే పేరు చేశారు. 1964లో వచ్చిన వూల్‌మార్క్ గుర్తు కూడా మీరు కోట్ల మీద, శాలువల మీద చూసే ఉంటారు. ఉన్ని కండెలాగా మెలి తిరిగిన గుర్తు అది. దాని కింద అచ్చమైన కొత్త ఉన్ని అని రాసి ఉంటే, అందులో కొత్త అన్న మాట ఊరికే రాసింది కాదు. ఇంతకు ముందు ఏ బట్టలోనూ వాడని ఉన్ని అని దాని అర్థం.

ఇక మన దేశానికి వద్దాం. మన దేశంలో ఈ పనికి పెద్ద కేంద్రం హర్యానాలోని పానిపట్టు. యుద్ధాల పానిపట్టుగా చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం. నేత పరిశ్రమకూ ఆ ఊరు పెట్టింది పేరు. మన ఎండల దేశంలో ఉన్ని కోట్లు తొడిగేవారు తక్కువ, చిరిగిపోయేదాకా తొడిగేవారు ఎక్కువ. అందుకని అక్కడికి పాత ఉన్ని బట్టలు ఓడల మీద చలి దేశాల నుంచి వస్తాయి. ఆ దేశాల్లో జనం దానంగా ఇచ్చిన బట్టల్లో అమ్ముడుపోనివి బేళ్ళుగా కట్టి పంపుతారు. వచ్చిన కోటును ఎవరైనా దుకాణంలో పెట్టి అమ్మితే ఇక్కడి బట్టల వ్యాపారం దెబ్బ తింటుందని ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. పేలికలుగా దిగుమతి చేసుకునే బట్టలను తొడగడానికి వీల్లేకుండా ముందే కోసి ఉండాలి. అందుకే మంచి మంచి కోట్లు కూడా నిలువునా కోసి వస్తాయి.

వచ్చిన మూటలు విప్పాక మొదటి పని ఏరడం. ఇది ఎక్కువగా ఆడవాళ్ళు చేసే పని. మన వంటింటి కత్తిపీట వంటి నిలువు కత్తి ముందు కూర్చుని గుండీలు, జిప్పులు, లోపలి అస్తరు, లేబుళ్ళు కోసి వేరు చేస్తారు. తరువాత రంగుల వారీగా కుప్పలు పోస్తారు. ఎరుపు ఒక కుప్ప, నీలం ఒక కుప్ప, నలుపు ఒక కుప్ప. ఈ పనిలోనే అసలు లాభం ఉంది. రంగు సరిగా ఏరితే ఆ ఉన్నికి మళ్ళీ రంగు వేయనక్కర్లేదు. రంగు ఖర్చు మిగులుతుంది, రంగు నీళ్ళు కాలువలో కలిసే బాధా తప్పుతుంది. ఏ కుప్పకూ చెందని మిగతా రంగులన్నీ కలిపితే బూడిద రంగు వస్తుంది. నా రగ్గులో ఎర్రని, పచ్చని పోచలు ఎలా వచ్చాయో ఇప్పుడు మీకు తెలిసింది కదా.

ఏరిన పేలికలను తడిపి, నూనె చిలకరించి, ఇనుప ముళ్ళున్న పెద్ద పీపాల యంత్రంలో వేస్తారు. ఆ ముళ్ళు గుడ్డను చీల్చి పోచ పోచగా విడదీస్తాయి. ఆ వచ్చిన దాన్ని ఏకి, కాస్త పొడవైన కొత్త ఉన్ని గాని, నైలాన్, పాలియెస్టర్ వంటి కృత్రిమ పోచలు గాని కలిపి లావు దారంగా వడుకుతారు. అలా కలపకపోతే దారం మగ్గం మీద నిలవదు. నేసిన తరువాత రగ్గు మీద ముళ్ళ బ్రష్షులు నడిపించి నూగు లేపుతారు. దానితో రగ్గు దళసరిగా, మెత్తగా అవుతుంది. వరదలు, భూకంపాలు వచ్చినప్పుడు బాధితులకు పంచిన బూడిద రంగు రగ్గుల్లో చాలావాటిని ఇలాగే తయారు చేశారు. రాత్రికి రాత్రి లక్షల మందికి వెచ్చదనం కావలసి వచ్చినప్పుడు చవకగా అందినది ఈ పాత ఉన్నే. ఆ సంగతి మరచిపోకూడదు.

ఈ పనిలో కష్టం ఎవరి మీద పడుతుందో కూడా చెప్పాలి. పేలికలు చీల్చేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో యార్క్‌షైరులో ఈ పనిలోకి కొత్తగా చేరినవారికి వచ్చే జ్వరానికి షాడీ జ్వరం అని పేరే ఉండేది. చీల్చే యంత్రాన్ని జనం దయ్యం అని పిలిచేవారు. ఈనాడు కూడా ఎక్కడైనా సరే, ముక్కుకు గుడ్డ, గాలి లాగే యంత్రం, కోత కత్తికి కాపు లేకుండా ఈ పని చేయించడం మంచిది కాదు. పాత సరుకు చవకగా వస్తోందంటే, ఆ చవక కూలి మనిషి ఊపిరి నుంచి వస్తోందా అని ఒకసారి ఆలోచించడం మన బాధ్యత.

మరో చిక్కు కలనేత బట్టలు. ఉన్నిలో నూలు కలిసి ఉంటే విడదీయడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. నూలు ఆమ్లానికి ఓర్వదు, ఉన్ని ఓరుస్తుంది. పలుచని గంధకామ్లంలో ముంచి ఆరబెట్టి వేడి చేస్తే నూలు బొగ్గులా పొడి అయి రాలిపోతుంది, ఉన్ని మిగులుతుంది. కాని పాలియెస్టర్, ఆక్రిలిక్ కలిస్తే ఈ కిటుకు పనిచేయదు. ఈ రోజుల్లో స్వెట్టర్లలో ఉన్ని తగ్గి, కృత్రిమ పోచలు పెరిగాయి. చీల్చగా వచ్చేదాంట్లో ఉన్ని వంతు తగ్గుతూ వస్తోంది. దీనికి తోడు పాలియెస్టర్‌తో చేసే మెత్తని ఫ్లీసు రగ్గులు వచ్చాయి. అవి తేలిక, రంగులు మెరుస్తాయి, ధరా తక్కువే. గత పదిహేనేళ్ళలో పానిపట్టులోనే చాలా కర్మాగారాలు పాత ఉన్ని వదిలి ఈ ఫ్లీసు వైపు తిరిగాయి.

ఇటలీలో ప్రాతో అనే ఊరు మరో దారి పట్టింది. అక్కడ కూడా పందొమ్మిదో శతాబ్దం నుంచి పేలికల పనే. రంగులు ఏరడంలో, కలపడంలో వాళ్ళకు తరతరాల నైపుణ్యం ఉంది. వాళ్ళు తిరిగి వాడిన ఉన్ని అన్న సంగతి దాచడం మానేశారు. అక్కడి వాణిజ్య మండలి ఒక గుర్తు ఏర్పాటు చేసింది. కనీసం నూటికి 65 వంతులు తిరిగి వాడిన సరుకు ఉంటేనే ఆ గుర్తు ఇస్తారు. ఒకప్పుడు సిగ్గుపడి దాచిన సంగతినే ఇప్పుడు గర్వంగా పైకి చెబుతున్నారు. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2025 జనవరి 1 నుంచి పాత బట్టలను చెత్తతో కలపకుండా వేరుగా సేకరించే ఏర్పాటు ఉండాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. కాబట్టి రానున్న రోజుల్లో పాత బట్టల మూటలు పెరగవచ్చు. వాటిని ఏం చేయాలన్న ప్రశ్నా పెరుగుతుంది.

ఇక మన ప్రాంతం మాట. చిత్రదుర్గం జిల్లా చళ్ళకెరె కంబళ్ళకు పేరు. మన సరిహద్దు జిల్లాల్లో కురుబలు, తెలంగాణలో కురుమలు, మహారాష్ట్రలో ధనగర్లు నల్ల గొర్రెల ఉన్నితో నేసే కంబళి, గొంగడి కొత్త ఉన్ని సరుకు. దక్కని గొర్రెను ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, చేత్తో వడికి, గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెడతారు. గరుకుగా ఉంటుంది గాని వానకు, ఎండకు, చలికి ఓర్చుకుని ఏళ్ళ తరబడి నిలుస్తుంది. చవక రగ్గులు వచ్చాక కంబళికి గిరాకీ తగ్గింది. కత్తిరింపు కూలి కూడా రాక ఉన్నిని పారేసే పరిస్థితి వచ్చింది. మాంసం కోసం బొచ్చు తక్కువున్న నెల్లూరు గొర్రెలను మందలో చేర్చుకున్నవారూ ఉన్నారు. పాత ఉన్ని రగ్గును కొత్త ఉన్ని అని చెప్పి అమ్మిన ప్రతిసారీ నష్టపోయేది కొన్నవాడొక్కడే కాదు. నిజంగా కొత్త ఉన్నితో కంబళి నేసిన మనిషి కూడా నష్టపోతాడు. తన సరుకు ధర ఎందుకు ఎక్కువో చెప్పుకునే అవకాశం అతనికి లేకుండా పోతుంది.

మరి కొనేవారు ఏం చేయాలి? మూడు చిన్న పరీక్షలు చెబుతాను.

మొదటిది, కంటి పరీక్ష. రగ్గును వెలుతురులోకి తెచ్చి దగ్గరగా చూడండి. ఒకే రంగు అనుకున్నదాంట్లో రకరకాల రంగు పోచలు కనిపిస్తే అది చాలావరకు తిరిగి వాడిన సరుకు.

రెండోది, పొడవు పరీక్ష. అంచు నుంచి ఒక దారం లాగి, పురి విప్పి, పోచలను వేరు చేయండి. అన్నీ అంగుళంలోపు తునకలుగా వస్తే అది చీల్చిన ఉన్ని. పొడవుగా, వంకీలు తిరిగి వస్తే కొత్త ఉన్ని కావచ్చు.

మూడోది, నిప్పు పరీక్ష. ఇది పిల్లలకు దూరంగా, నీళ్ళ పళ్ళెం మీద, పట్టకారుతో ఒక్క దారాన్ని మాత్రం పట్టుకుని చేయాలి. ఉన్ని నెమ్మదిగా కాలుతుంది, మంట తీస్తే ఆరిపోతుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్లని బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. నూలు కాగితంలాగా కాలుతుంది. పాలియెస్టర్, ఆక్రిలిక్ అయితే కరిగి ముద్దయి, చల్లారాక గట్టి పూసలాగా మిగులుతాయి. కలిసిన సరుకైతే ఈ గుర్తులూ కలిసే కనిపిస్తాయి. నిప్పు పరీక్ష ఉన్ని ఉందో లేదో చెబుతుంది గాని, అది కొత్తదో పాతదో చెప్పదు. అందుకు మొదటి రెండు పరీక్షలే దారి. ఇంకో మాట. కరిగే సరుకు ఒంటికి అంటుకుంటే గాయం పెద్దదవుతుంది. చలిమంట దగ్గర, పొయ్యి దగ్గర ఫ్లీసు రగ్గు కప్పుకుని కూర్చోవద్దు.

పాత ఉన్ని రగ్గు ఇంట్లో ఉంటే దాన్ని ఎలా కాపాడుకోవాలి? దాని పోచలు పొట్టివి కాబట్టి బండకేసి బాదకూడదు, మెలిపెట్టి పిండకూడదు. వేడి నీళ్ళు తగిలితే ఉన్ని ముడుచుకుపోతుంది. చల్లని నీళ్ళలో, కొద్దిపాటి సబ్బుతో జాడించి, నీడలో పరిచి ఆరబెట్టాలి. బ్లీచింగు ద్రవం అసలు తగలనివ్వకూడదు, అది ఉన్నిని కరిగిస్తుంది. వాన వెలిశాక ఒకసారి ఎండకు వేసి దులిపితే ఉన్నిని కొరికే పురుగులు పోతాయి.

చివరగా ఒక్క మాట. పాత ఉన్ని రగ్గు కొనడంలో తప్పేమీ లేదు. పారేసిన కోటు మళ్ళీ ఒక పిల్లవాడి చలి తీర్చిందంటే సంతోషించాలి. మన బొంత చేసే పనీ అదే. కాని బొంతను ఎవరూ కొత్త చీర అని చెప్పి అమ్మరు. రగ్గు కొనేటప్పుడు "ఇది కొత్త ఉన్నా, పాత ఉన్నా? ఎంత వంతు ఉన్ని?" అని అడగండి. అడిగేవారు పెరిగితే చెప్పేవారూ పెరుగుతారు. పాత ఉన్ని అని చెప్పి అమ్మితే దానికి తగిన ధర ఇవ్వండి. కొత్త ఉన్ని కంబళి తెచ్చి అమ్మితే దానికి తగిన ధర దానికీ ఇవ్వండి. సంతలో ఆ రగ్గు అమ్మిన అన్న నిజం చెప్పి ఉంటే కూడా నేను ఆ రగ్గు కొనేవాణ్ణే. ఇప్పటికీ దాన్నే కప్పుకుంటున్నాను.